రోగి హాజరు, రోగం గైర్హాజరు

బొమ్మ మూలగదు. నర్సుల ప్రాక్టికల్ పరీక్షలో ఏళ్ళ తరబడి మంచం మీద పడుకుంటూ వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ మీద చివరికి మోపిన నేరం అదొక్కటే. సూది పొడిచినా అబ్బా అనదు. దుప్పటి కప్పితే ఉక్కపోస్తోందనదు. ఎవరి చేతిలోనూ చచ్చిపోదు. అందువల్ల పరీక్షకు వచ్చిన అమ్మాయిలందరూ పాసైపోతున్నారు. అందరూ పాసైపోయే పరీక్షకు గౌరవం ఏముంటుందని రాష్ట్ర పరిచర్యా పరీక్షా మండలికి దిగులు పట్టుకుంది.

మండలి అధ్యక్షులు త్రివిక్రమరావుగారు దిగులును ఊరికే పడనిచ్చే మనిషి కాదు. వెంటనే ఉత్తర్వు చేశారు.

"నిర్జీవ ప్రతిమపై నిర్వహింపబడు పరీక్ష సజీవ పరిచర్యకు కొలమానము కానేరదు. కావున ఈ సంవత్సరము నుండి ప్రతి అభ్యర్థినియు తన రోగిని తానే సమకూర్చుకొని పరీక్షకు హాజరు కావలెను. ఏ అభ్యర్థినికి ఏ రోగము అనునది చీటీల ద్వారా నిర్ణయింపబడును."

గజరాయపురం నర్సింగ్ స్కూల్లో చీటీలు తీసే పని ట్యూటర్ సలోమి మేడమ్ మీద పడింది. ఆవిడ తన టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, కడిగి తుడిచి, అందులో రోగాలన్నీ వేసి కలిపింది. అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి తీశారు. ఈశ్వరికి ఉబ్బసం వచ్చింది. వాళ్ళింట్లో అందరూ గుండ్రాళ్ళలా ఉంటారు. అక్కడే కూలబడి ఏడ్చింది. హైమ చీటీ విప్పితే "మధుమేహ పాద వ్రణము: శుద్ధి, కట్టు" అని ఉంది. షుగరు జబ్బు మనిషి కాలి పుండును కడిగి కట్టు కట్టాలన్నమాట.

"నీకేమే తల్లీ," అంది ఈశ్వరి కళ్ళు తుడుచుకుంటూ. "పుండు ఇంట్లోనే ఉంది."

నిజమే. హైమ మేనమామ అప్పలసూరికి అరికాల్లో పుండు ఉంది. హైమ అమ్మానాన్నలది కొండవాలు ఊరు. నర్సింగ్‌లో సీటొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఈ మావయ్య ఇంట్లోనే ఉంటోంది. అప్పలసూరి దర్జీ. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. పోయిన వానాకాలం దాకా ఆ ఇంట్లో వరహాలత్త కూడా ఉండేది. జ్వరమని పడుకుంది, లేవలేదు.

వరహాలత్తకు ఒక అలవాటు ఉండేది. పొద్దు వాలి మిషను ఆగగానే, దారానికి కట్టిన అయస్కాంతం ముక్కను నేల మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా ఈడ్చేది. రాలిన సూదులూ గుండుసూదులూ దానికి అతుక్కొచ్చేవి. ఆమె పోయాక ఆ అయస్కాంతం గోడకున్న మేకుకు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని తీసేవాళ్ళు లేరు. ఒకరోజు గుండుసూది ఒకటి అప్పలసూరి అరికాల్లో దిగింది. షుగరు వల్ల స్పర్శ చచ్చిన కాలు, అతనికి తెలియలేదు. అలా దిగిన సూదితోనే రోజంతా మిషను తొక్కాడు. తెలిసేసరికి అది పుండు.

ఆ పుండు ఇప్పుడు పరీక్షకు పనికొస్తోంది. ఏరియా ఆస్పత్రి కొత్త వార్డులో హైమకు ఉద్యోగం ఖాయమైంది. లైసెన్సు నంబరు తెచ్చుకుంటే చేరిపోవచ్చు, దసరా దాకా ఆగుతామన్నారు. మిషను మునుపటిలా తొక్కలేని మనిషి, సంపాదన లేని అమ్మాయి ఉన్న ఇల్లు అది. ఇద్దరి ఆశా ఆ నంబరు మీదే ఉంది.

"మావయ్యా, నువ్వే నా రోగివి," అని చెప్పింది హైమ ఇంటికొచ్చి.

అప్పలసూరి కాలు ముందుకు చాపి దాని వంక మర్యాదగా చూశాడు. "ఏటే అమ్మడూ, ఇన్నాళ్ళకి ఇదొక పనికొచ్చింది," అన్నాడు.

రోగుల నమోదు జిల్లా పరిషత్ హైస్కూలు హాల్లో జరిగింది. గోడ వారగా బెంచీల మీద జ్వరాలూ దగ్గులూ కీళ్ళనొప్పులూ వరుసగా కూర్చున్నాయి. పక్కన అభ్యర్థినులు విసనకర్రలతో విసురుతూ, తమ రోగిని ఇంకెవరూ ఎగరేసుకుపోకుండా కాపలా కాస్తున్నారు. మంచి కామెర్ల రోగి ఒకాయన కోసం ఇద్దరమ్మాయిలు చెరో చెయ్యీ పట్టుకుని లాగుతున్నారు. ఆయన మాత్రం, ఎవరు బిరియానీ పెట్టిస్తే వాళ్ళ వైపు, అన్నట్టు మధ్యలో నిలబడ్డాడు.

హాలు చివర బల్ల వెనక త్రివిక్రమరావుగారు స్వయంగా కూర్చున్నారు. కుడి కాలికి నిగనిగలాడే బూటు, ఎడమ కాలికి మేజోడు మీద రబ్బరు చెప్పు. ఎవరైనా అటు చూస్తే, "ప్రజాసేవలో నిలబడి నిలబడి," అని మాట తప్పించేస్తున్నారు.

అప్పలసూరి వంతు వచ్చింది. గుమాస్తా కాలు బల్ల మీద పెట్టించుకుని, పుండుకు ఫొటో తీశాడు. మొహానికి తీయలేదు.

"పుండు కొలవాలి. స్కేలేదయ్యా?" అని అరిచాడు గుమాస్తా. స్కేలు లేదు. మండలి సామగ్రి ఇంకా మంజూరు కాలేదు. అప్పలసూరి మెడలో టేపు వేలాడుతోంది. అతను దాన్ని తీసి చేతికిచ్చాడు.

"ఊరందరి కొలతలూ తీసేను బాబూ," అన్నాడు. "నా కొలత తీసినోడివి నువ్వే."

కొలత రాసుకున్నారు. రూపాయి బిళ్ళంత పుండు అది. త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు.

"నమోదైన వ్రణము, నమోదైన నాటి కొలతలతోనే పరీక్షకు హాజరు కావలెను. హెచ్చుతగ్గులను మండలి సహింపదు. ఒక వ్రణమునకు బదులు మరొక వ్రణమును కూర్చుండబెట్టు అక్రమములను అరికట్టుటకై ఈ నిబంధన."

హైమకు సందేహం వచ్చింది. "సార్, మరి పరీక్ష దాకా రోజూ కట్టు కట్టొచ్చా?"

"కట్టు కట్టుట పరీక్షాంశము. పరీక్షాంశమును పరీక్షకు ముందే నిర్వహించినచో అది లీకేజీ క్రిందికి వచ్చును."

"ప్రాక్టీసు ఎలా సార్?"

త్రివిక్రమరావుగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బొమ్మ మీద," అన్నారు.

బయటికి వస్తూ అప్పలసూరి హైమ చెవిలో చెప్పాడు. "ఆ బాబు ఎడం కాలు ఆనించట్లేదు సూసేవా? లోపల ఏదో ఉంది."

"నీ పుండు సంగతి చాల్లే మావయ్యా. పద," అంది హైమ.

ఆ మర్నాటి నుంచి గజరాయపురంలో నర్సింగ్ చదువు కొత్త మలుపు తిరిగింది. ఇదివరకు అమ్మాయిలు రోగం ఎలా తగ్గించాలో బట్టీ పట్టేవాళ్ళు. ఇప్పుడు అసలు బెంగ, పరీక్ష లోపల రోగం ఎక్కడ తగ్గిపోతుందోనని. జ్వరం రోగి ఉన్నమ్మాయి రోజూ వాళ్ళింటికి వెళ్ళి నుదురు తడిమి చూసి, వేడిగా ఉంటే హమ్మయ్య అనుకుని తిరిగొచ్చేది. ఈశ్వరి పక్క వీధి తాతగారిని బతిమాలి ఉబ్బసానికి ఒప్పించుకుంది. ఆయన ఆయాసం సరిగ్గా పరీక్ష నాటికి అక్కరకు రాదేమోనన్న భయంతో, రోజూ సాయంత్రం కారం మిల్లు వైపు షికారుకు తీసుకెళుతోంది.

"మనవరాలి లాంటిదానివి. ఏం కక్షే నా మీద?" అన్నాడట తాతగారు దగ్గుతూ.

"ఇంకొక్క పది రోజులు ఓర్చుకో తాతా. లైసెన్సు రాగానే నేనే నయం చేస్తాను," అందట ఈశ్వరి.

సలోమి మేడమ్ క్లాసులో "రోగి సంరక్షణ" అనే పాఠం తీసేసి "రోగ సంరక్షణ" మొదలుపెట్టింది. బస్టాండు ఎదుట రోగులకు కోచింగ్ సెంటరు వెలిసింది. వెనకటికి నాటకాల్లో రాజు వేషాలు వేసిన పాపయ్య మాస్టారు అక్కడ మూలుగులో మెళకువలు నేర్పుతున్నాడు. వారాంతపు పరీక్షలు, హాస్టలు, సందేహ నివృత్తి తరగతులు అన్నీ ఉన్నాయి. బోర్డు మీద రోగుల ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో "ఉబ్బసంలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు!" అని ర్యాంకులు. ఇంకా పరీక్షే జరగలేదు. ర్యాంకులు మాత్రం వచ్చేశాయి.

ఈ హడావుడిలో హైమ ఒక్కతే వెనకబడిపోయింది. స్కూల్లో బొమ్మ కాలికి కట్టు కట్టి ఇంటికి వచ్చేసరికి, ఇంట్లో అసలు కాలు చీరపేలిక చుట్టుకుని మిషను కింద ఉండేది. బొమ్మ కాలు కడిగిన చేతులు ఈ కాలిని చూసి ఊరుకోలేకపోయాయి. మొదటి రోజు, చుట్టూ శుభ్రం చేస్తే తప్పేముంది అనుకుంది. రెండో రోజు, సెలైన్‌తో కడిగితే లీకేజీ ఎలా అవుతుంది అనుకుంది. మూడో రోజు ఏమీ అనుకోలేదు. పొద్దున్నే మావయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద పీట వేసుకుని, పాదం ఒళ్ళో పెట్టుకుని పని మొదలుపెట్టేసింది. షుగరు చూడడం, మాత్ర వేయించడం, అన్నం తగ్గించడం, చెప్పులు లేకుండా అడుగు వేయనివ్వకపోవడం కూడా అందులో చేరిపోయాయి.

"ఇది నేరం కదేటే?" అన్నాడు అప్పలసూరి.

"ప్రాక్టీసు."

"ఆ బాబు వద్దన్నాడు కదా."

"కాలు కదపకు మావయ్యా."

పరీక్షకు రెండు వారాలుంది. అంతలో పుండు ఏమీ మానదు, కాస్త ఎరుపు తగ్గుతుందంతే అని హైమ లెక్క. లెక్కలో తప్పు లేదు. మండలి గురించే ఆమె లెక్క వేసుకోలేదు.

పరీక్ష వాయిదా పడింది. ఇంతటి సంస్కరణ తెచ్చినందుకు త్రివిక్రమరావుగారికి సరిగ్గా ఆ రోజే సన్మానం పెట్టారు. శాలువా కప్పించుకునే మనిషి పరీక్షకు రాలేడు కదా. కొత్త తేదీ ఇచ్చారు. ఆ తేదీ దగ్గరపడేసరికి ప్రశ్నలు బయటికి పొక్కాయని గొడవ. ప్రాక్టికల్‌లో పొక్కడానికి ఏముందయ్యా అంటే, ఏ రోగికి ఏ కాలో ముందే తెలిసిపోయిందన్నారు. కాలు ఎవరిదైతే వాళ్ళకు ముందే తెలిసి ఉంటుందని ఎవరో అనబోతే, మండలి విచారణ సంఘం వేసి నోరు మూయించింది. మళ్ళీ వాయిదా. ఆ తర్వాత రోగుల హాల్ టికెట్లు వచ్చాయి. వాటి మీద మొహాలకు బదులు పుండ్ల ఫొటోలు అచ్చయ్యాయి, అవీ ఒకరివి ఒకరికి. మరోసారి వాయిదా.

వాయిదాలు వాయిదాలే, పుండు మాత్రం ఆగలేదు. రూపాయి బిళ్ళంతది పావలా బిళ్ళంతయింది. అంచుల్లో లేత చర్మం గులాబీ రంగులో లోపలికి పాకుతోంది. చదువుకున్న పుస్తకంలో ఉన్నట్టే, అంత ముచ్చటగా మానుతోంది. హైమ రోజూ పొద్దున్న దాన్ని చూసి సంతోషపడుతోంది, సాయంత్రానికి భయపడుతోంది.

సలోమి మేడమ్‌కు చెప్పింది. ఆవిడ తల పట్టుకుంది.

"ఎవరు కట్టు కట్టమన్నారే నిన్ను? నేను చెప్పానా?"

"మూడేళ్ళుగా చెప్తూనే ఉన్నారు మేడమ్."

సలోమి మేడమ్ తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇకనుంచైనా ముట్టుకోకు. నెల్లాళ్ళు వదిలేస్తే అదే పెద్దదవుతుంది. నేను ఈ మాట అన్నానని ఎక్కడా అనకు," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హైమ ఇంటికి వచ్చేసరికి మిషను చప్పుడు వినిపించింది. అప్పలసూరి కట్టు విప్పేసి, వట్టి కాలితో మిషను తొక్కుతున్నాడు. పక్కన స్టూలు మీద జిలేబీ పొట్లం సగం ఖాళీ అయి ఉంది. కాలి కింద ఇనుప పెడలు మీద చిన్న ఎర్రటి మరక.

హైమ గుమ్మంలోనే ఆగిపోయింది. "మావయ్యా, ఏం చేస్తున్నావు?"

"పుండు సేస్తున్నాను," అన్నాడు అప్పలసూరి తల ఎత్తకుండా. "ఇస్పేటు ఆసులాంటి ఉద్యోగం. నీ సేతికాడికి వచ్చీసింది. నా కాలు కోసం పోనిస్తావేటి? ఆ బాబు పెట్టిన కొలతకి మల్లీ తెచ్చీస్తాను. నువ్వు ఊరుకో."

"ఆపు."

"దర్జీని నేను. కొలతకి తేవడం నాకు తెలీదేటే?"

"ఆపు మావయ్యా."

మిషను ఆగింది. హైమ లోపలికి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. పాదం ఒళ్ళోకి తీసుకుంది. కడుగుతూ కడుగుతూ, గోడ మీది మేకు వంక ఒకసారి చూసింది. అయస్కాంతం అక్కడే ఉంది. అప్పలసూరి కూడా అటే చూశాడు.

"సూది దిగిన నాడు నీకు తెలియలేదు," అంది హైమ. "ఇప్పుడు తెలిసే తొక్కుతున్నావు. అత్త ఉంటే ఏమనేది?"

అప్పలసూరి మెడలోని టేపును వేలికి చుట్టుకున్నాడు. "జిలేబీ పొట్లం అవతల పారేసేది," అన్నాడు.

"ముందు నీ వీపు మీద ఒకటి వేసేది."

"అదీ నిజమే."

హైమ కట్టు చివర ముడి వేసింది. పరీక్ష సంగతి పరీక్ష చూసుకుంటుందని ఆ ముడితో పాటే నిర్ణయించేసుకుంది. లేచి జిలేబీ పొట్లం తీసుకెళ్ళి పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది.

చిట్టచివరికి పరీక్ష జరిగింది. అప్పటికి అప్పలసూరి అరికాల్లో మిగిలింది మచ్చ. దగ్గరగా చూస్తే తప్ప కనిపించని, నున్నటి, చిన్న మచ్చ.

హాల్లో మంచాల మీద కోచింగ్ పొందిన రోగులు పడుకున్నారు. అందరూ పాపయ్య మాస్టారి శిష్యులే కాబట్టి జ్వరమూ కడుపునొప్పీ విరిగిన చెయ్యీ అన్నీ ఒకే రాగంలో, రాజు యుద్ధంలో పడిపోయినట్టు మూలుగుతున్నాయి. ఈశ్వరి తాతగారు మాత్రం కారం మిల్లు వైపు రోజూ చేసిన షికార్లకు కాళ్ళూ ఊపిరీ కుదుటపడి, హాయిగా గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఈశ్వరి మంచం పక్కన నిలబడి నిశ్శబ్దంగా ఏడుస్తోంది.

త్రివిక్రమరావుగారు హైమ మంచం దగ్గరికి వచ్చారు. రబ్బరు చెప్పు నేలకు రాసుకుంటోంది. మొహం కాస్త వాడి ఉంది. గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.

"అభ్యర్థిని?"

"హాజరు," అంది హైమ.

"రోగి?"

"ఉన్నాను బాబూ," అన్నాడు అప్పలసూరి.

"వ్రణము?"

ఎవరూ పలకలేదు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కుడి పాదం చూశాడు. ఎడమ పాదం చూశాడు. పాదాల కింద, మంచం కింద కూడా చూశాడు.

"పుండు ఏదమ్మా?"

"మానిపోయిందండి."

"మానిపోయిందంటే?"

"తగ్గిపోయిందండి. మచ్చ ఉంది, చూడండి."

త్రివిక్రమరావుగారు చాలా దీర్ఘంగా ఊపిరి తీసుకున్నారు. "రాసుకోవయ్యా," అన్నారు గుమాస్తాతో. "రోగి హాజరు. రోగము గైర్హాజరు. నమోదైన వ్రణము నమోదైన దినము నుండి మండలి ఆస్తి. అభ్యర్థిని సదరు ఆస్తిని బుద్ధిపూర్వకముగా, క్రమక్రమముగా నాశనము చేసినట్లు సాక్ష్యము కనబడుచున్నది."

"మరయితే ఇన్నాళ్ళూ తమరి ఆస్తిని నేను మోసుకు తిరిగేనా బాబూ?" అన్నాడు అప్పలసూరి లేచి కూర్చుంటూ. "ఆ మాట ముందే సెప్పుంటే తమరింటికాడే దింపేద్దును కదా!"

"రోగి మాట్లాడరాదు. మూలగవచ్చును," అన్నాడు గుమాస్తా.

"నయమైనోడు ఏటి మూలుగుతాడు?"

హైమ మావయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. "సార్," అంది త్రివిక్రమరావుగారితో. "పరీక్షలో కట్టు ఎలా కడతావని కదా చూస్తారు. ఎలా కట్టానో ఈ కాలు చూస్తే తెలియదా?"

ఆయన ఆ మచ్చ వంక చూశారు. చూడాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువసేపు చూశారు.

"ఫలితము శూన్యము. సప్లిమెంటరీకి తగిన వ్రణముతో రావలెను," అని ముందుకు కదిలారు. కదిలేటప్పుడు పక్క మంచం కోడు పట్టుకుని ఒక్క క్షణం ఆగవలసి వచ్చింది.

దసరా దగ్గరికి వచ్చేసింది. ఊళ్ళో ఉన్న పుండ్లన్నీ ఎవరో ఒకరి పేర నమోదైపోయాయి. సప్లిమెంటరీకి పుండు ఎక్కడ దొరుకుతుందా అని హైమ మార్కెట్లో నడిచేవాళ్ళ కాళ్ళు చూస్తూ తిరిగింది. కుంటుతూ నడిచేవాడు కనిపిస్తే ఆశ కలిగేది, ఆశ కలిగినందుకు సిగ్గేసేది.

ఒక సాయంత్రం ఇంటి ముందు రిక్షా ఆగింది. త్రివిక్రమరావుగారు దిగారు. చేతిలో కాగితంలో చుట్టిన గుడ్డ ఉంది.

"కోటు కుట్టించుకోవలెను," అన్నారు. హైమ గుమ్మంలో ఉన్నా ఆమె వంక చూడలేదు.

"రండి బాబూ," అన్నాడు అప్పలసూరి టేపు మెడలోంచి తీస్తూ. "సెప్పులు ఇప్పి తిన్నగా నిలబడండి. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడకపోతే కోటు ఒక పక్కకి ఒరిగిపోతాది."

త్రివిక్రమరావుగారు నిలబడబోయారు. నిలబడలేకపోయారు. కుర్చీలో కూలబడి, మేజోడు వంక దిక్కులేనట్టు చూసుకున్నారు. మేజోడు అడుగున తడి మరక ఉంది.

హైమ ఏమీ అడగకుండా పీట తెచ్చి వేసుకుంది. మేజోడు మెల్లగా విప్పింది. పుండు అప్పలసూరి పుండుకన్నా పెద్దది, పాతది.

"ఎన్నాళ్ళయింది సార్?"

"మండలి కార్యభారము వలన కొంతకాలముగా..."

"ఆస్పత్రికి వెళ్ళలేదా?"

ఆయన విప్పిన మేజోడును చేతిలో ఉండలా చుట్టారు. మిషను పక్కన కత్తెర సర్దుతున్న అప్పలసూరి చేతులు ఆగాయి.

"వెళ్తే ఎవరో ఒక అమ్మాయి పేర నమోదు చేస్తారమ్మా," అన్నారు చివరికి.

"చేస్తే?"

"చేస్తే కట్టు కట్టరు. పరీక్ష దాకా అలాగే ఉంచాలి కదా. ఉత్తర్వు నాదే."

హైమ ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఊరంతా తిరిగినా దొరకని, ఎవరి పేరా నమోదు కాని పుండు అది. ఆమె అడిగిన మాటలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"సార్, ఇది మాన్పమంటారా? పరీక్ష దాకా ఉంచమంటారా?"

త్రివిక్రమరావుగారి నోట గ్రాంథికం ఒక్క ముక్క రాలేదు. "మాన్పమ్మా," అన్నారు.

"అయితే రేపు పరగడుపున రక్త పరీక్ష చేయించుకోండి. షుగరు దిగకపోతే నా కట్టు ఒక్కటీ ఏం చెయ్యలేదు. రోజూ పొద్దున్నే ఇక్కడికి రావాలి. చెప్పులు మార్చాలి."

"కోటు?" అన్నాడు అప్పలసూరి.

"అది కూడా కుట్టవయ్యా," అన్నారు ఆయన.

రోజూ పొద్దున్నే రిక్షా వచ్చేది. కోటు కొలతలు ఎంతకీ తేలడం లేదని వీధిలో అనుకున్నారు. ఆ కోటు పూర్తయ్యేనాటికి మండలి నుంచి సవరణ ఉత్తర్వు వెలువడింది.

"నమోదు నాటి కొలతకును, పరీక్ష నాటి కొలతకును మధ్య గల తేడాను బట్టి మార్కులు నిర్ణయింపబడును. పూర్వ పరీక్షలకు కూడ ఇది వర్తించును. ఇట్టి సూక్ష్మమును కనుగొనుటకు అధ్యక్షులు స్వయముగా దీర్ఘ పరిశీలన జరిపియున్నారు."

తేడాను బట్టి లెక్క కడితే హైమకు నూటికి నూరు వచ్చాయి. రోగాలను కంటికి రెప్పలా కాపాడుకున్న మిగతా వాళ్ళకు సున్నాలు వచ్చాయి. తాతగారి గురక పుణ్యమా అని ఈశ్వరి కూడా గట్టెక్కింది. దసరా వెళ్ళి దీపావళి కూడా వచ్చింది కానీ హైమ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. లైసెన్సు ఉన్న మనిషి దొరక్క ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. బస్టాండు ఎదుట పాపయ్య మాస్టారు బోర్డు మార్చేశాడు. నమోదు రోజున రోగం వీలైనంత పెద్దదిగా చూపించడం ఎలాగో ఇప్పుడు నేర్పుతున్నాడు. సీట్లు నిండిపోయాయట.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే హైమ తెల్ల బట్టలు వేసుకుని ముందు గదిలోకి వచ్చింది. అప్పలసూరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాలు చాపి.

"మానిపోయింది కదా మావయ్యా," అంది.

"ఊరికే సూడవే. నీ సేతికి అలవాటైపోయింది కాలు."

హైమ పీట వేసుకుని కూర్చుని చూసింది. అరికాలు తడిమింది. మచ్చ నున్నగా ఉంది. లేవబోతూ గోడ వంక చూసింది. మేకు ఖాళీగా ఉంది.

అయస్కాంతం మిషను పక్కన స్టూలు మీద ఉంది. దానికి రెండు సూదులూ, నాలుగైదు గుండుసూదులూ, ఒక విరిగిన హుక్కూ అతుక్కుని ఉన్నాయి.

"రాత్రి మిషను ఆపేక ఈడ్చేను," అన్నాడు అప్పలసూరి, కిటికీ బయటికి చూస్తూ. "మీ అత్త సేతికి ఇంకా సాలా పడేవి."

హైమ సూదుల్ని ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అయస్కాంతాన్ని మళ్ళీ మేకుకు తగిలించింది, చెయ్యి చాపితే మావయ్యకు అందేలా దారం కొంచెం పొడుగు చేసి.

"పద, ఆలస్యమైపోతాది," అన్నాడు అప్పలసూరి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ. "ఆస్పత్రి దాకా వస్తాను. రోగిగా కాదులే, ఊరికే."